నొప్పి నడుములో, మందు పాదం కింద

సినిమా హాల్లో మూడు గంటలు కదలకుండా కూర్చోగలిగిన మనిషి, మోటారు సైకిల్ మీద గంట గడిచేసరికి సీటు మీద అటూ ఇటూ జరగడం మొదలుపెడతాడు. ముందు పిరుదుల కింద మంట, తర్వాత నడుములో లాగుడు, ఆ పైన భుజాల మధ్య బరువు. అందరూ సీటునే తిడతారు. ఫోమ్ మార్పిస్తారు, పైన జెల్ ప్యాడ్ వేస్తారు, ఇంకాస్త మెత్తటి కవరు కుట్టిస్తారు. అయినా నొప్పి పోదు. కాకపోతే నాలుగు కిలోమీటర్లు ఆలస్యంగా వస్తుంది.

సీటులో లోపం ఉండవచ్చు. కానీ ఆ సీటు మీద మన తుంటి ఏ వాలులో కూర్చుంటుందో తేల్చేది చాలావరకు పాదమే. పాదం అంగుళం ముందుకు జరిగితే మోకాలి కోణం మారుతుంది, దానితో తొడ వాలు, దానితో తుంటి, చివరికి వెన్ను వంపు మారతాయి. అమెరికాలో దూర ప్రయాణాల కోసం చేసే పెద్ద బళ్లకు, అంటే హార్లే డేవిడ్‌సన్ ఎలక్ట్రా గ్లైడ్, రోడ్ కింగ్ వంటి వాటికి, కడ్డీ లాంటి ఫుట్‌రెస్టు బదులు అరికాలంతా ఆనే వెడల్పాటి ఫుట్‌బోర్డు ఉంటుంది. దాన్ని ముందుకూ వెనక్కీ, పైకీ కిందికీ జరిపే బ్రాకెట్లకు అక్కడ మంచి గిరాకీ ఉంది. పాదం కింది పలకను అంగుళం జరిపితే నడుముకు ఎందుకు ఊరట కలుగుతుందో తెలియాలంటే మన ఒంట్లోంచే మొదలుపెట్టాలి.

బిందె ఎటు ఒరుగుతుంది?

బండి మీద మనిషి మూడు చోట్ల ఆనుతాడు: సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్టు. ఈ మూడింటినీ కలిపితే ఏర్పడే త్రికోణంలోనే మన కీళ్లన్నీ సర్దుకోవాలి. సీటు ఎత్తును మార్చడం కష్టం. హ్యాండిల్ జరిపితే కేబుళ్ల పొడవు చాలకపోవచ్చు. తేలిగ్గా కదిలించగలిగిన మూల పాదాలదే.

ఇక తుంటి సంగతి. కూర్చున్నప్పుడు మన బరువంతా పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. తొడ వెనుక కండరాలు పుట్టేది సరిగ్గా ఆ ఎముకల దగ్గరే. అక్కడి నుంచి దిగి, మోకాలిని కూడా దాటి, పిక్క ఎముకలకు అతుక్కుంటాయి. అంటే ఒకే కండరం తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటుతోంది. కాలు ముందుకు చాపితే అది రెండు వైపులా సాగాలి. సాగినంత సాగి, ఇక వీలుకానప్పుడు పై కొసను లాగుతుంది. నేల మీద పెట్టిన బిందె అడుగుకు తాడు కట్టి ముందుకు లాగామనుకోండి, బిందె మూతి వెనక్కి ఒరుగుతుంది. తుంటికి జరిగేదీ ఇదే. అడుగు ముందుకు, పైభాగం వెనక్కి. ఆ తుంటి మీదే నిలబడిన వెన్నుపూసల వరుస దానితో పాటు కదలక తప్పదు. నడుము దగ్గర లోపలికి ఉండాల్సిన సహజమైన వంపు చదునైపోతుంది, కొందరిలో బయటికి గూనిలా తిరుగుతుంది.

దీన్ని నమ్మడానికి బండి కూడా అక్కర్లేదు. కుర్చీ అంచున నిటారుగా కూర్చోండి. ఒక అరచెయ్యి నడుము వెనుక ఆనించండి. మోకాలిని మెల్లగా చాపుతూ ఒక కాలును తిన్నగా ముందుకు లేపండి. కాలు పూర్తిగా తిన్నబడకముందే చేతి కింద నడుము వెనక్కి గుండ్రపడటం తెలుస్తుంది. తొడ వెనుక కండరాలు బిగుసుకుపోయిన వాళ్లలో, అంటే రోజంతా కుర్చీలో పనిచేసే చాలామందిలో, ఇది ఇంకా ముందే తెలుస్తుంది. ముందుకు పెట్టిన ఫుట్‌బోర్డు ఒకరికి సుఖంగానూ మరొకరికి శిక్షగానూ ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఎత్తు ఒకటే అయినా కండరాల పొడవు ఒకటి కాదు.

ఈ తుంటి వాలును ఎక్స్‌రేలతో చూపించినవాడు అమెరికన్ నాడీ శస్త్రవైద్యుడు జే కీగన్. 1953లో ప్రచురించిన అధ్యయనంలో ఆయన రకరకాల భంగిమల్లో వెన్నెముకను పరిశీలించాడు. తొడకూ మొండానికీ మధ్య కోణం సుమారు 135 డిగ్రీలు ఉన్నప్పుడు నడుము తన సహజమైన వంపులో ఉంటుందనీ, కోణం తగ్గేకొద్దీ ఆ వంపు చదునవుతుందనీ తేల్చాడు. మామూలు కుర్చీలో ఆ కోణం 90 దగ్గరే ఉంటుంది. బండి మీద పాదాలు మరీ ఎత్తుగా ఉంటే మోకాళ్లు పైకి లేచి, ఆ కోణం 90 కన్నా తగ్గిపోతుంది. పాదాలు మరీ ముందుకుంటే తొడ వెనుక కండరాలు లాగుతాయి. ఎటు పోయినా దెబ్బ నడుముకే.

బాక్సు: వెన్నులోకి సూది

1960ల్లో స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ మనుషుల నడుము డిస్కులోకి సన్నటి సూది పంపి లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచాడు. నిలబడినప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే, ఆనుడు లేకుండా కూర్చున్నప్పుడు అది సుమారు 140 అనీ, కూర్చుని ముందుకు వంగితే 185 దాకా వెళ్తుందనీ ఆ కొలతల సారాంశం. 1999లో జర్మనీలో విల్కే బృందం మళ్లీ కొలిచినప్పుడు, ఒళ్లు వదులుగా పెట్టి కూర్చుంటే ఒత్తిడి నిలబడినప్పటి కన్నా ఎక్కువేమీ లేదని తేలింది. కూర్చోవడమే నేరం అన్న మాట అక్కడ వీగిపోయింది. కూర్చుని నడుము వంచితే ఒత్తిడి పెరుగుతుందన్న విషయంలో మాత్రం ఇద్దరి కొలతలూ ఒకటే చెప్పాయి.

రెండు కాళ్ల బరువు ఇరవై కిలోలకు పైనే

మనిషి బరువులో ఒక్కో కాలు ఆరో వంతు దాకా ఉంటుంది. 70 కిలోల మనిషికి రెండు కాళ్లూ కలిపి సుమారు 22 కిలోలు. ఈ బరువును ఎవరు మోయాలన్నదే ఫుట్‌బోర్డు ఎత్తు తేల్చే లెక్క.

పలక మరీ కిందుంటే పాదం సరిగ్గా ఆనదు. కాలు సీటు ముందు అంచు మీద వేలాడుతుంది. తొడ కింద నరాలూ రక్తనాళాలూ నొక్కుకుపోయి పిక్కలు తిమ్మిరెక్కుతాయి. పలక మరీ పైనుంటే దీనికి తలకిందులు. మోకాళ్లు లేచి తొడలు సీటును వదిలేస్తాయి. అంతవరకు తొడల మీదుగా పరుచుకున్న బరువు తిరిగి ఆ రెండు ఎముకల కిందికి చేరుతుంది. పిరుదుల కింద మంటకు మెత్తటి ఫోమ్ ఎందుకు సరైన మందు కాదో ఇక్కడ అర్థమవుతుంది. బరువు పడే చోటు చిన్నదిగా ఉన్నంతకాలం ఎంత మెత్తటిదైనా అక్కడ అణిగి గట్టిపడుతుంది. పలకను కాస్త దించి తొడను సీటుకు ఆనేలా చేస్తే అదే బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది. పాత సీటే మెత్తబడినట్టు అనిపిస్తుంది.

చీలమండకూ ఒక అభిప్రాయం ఉంటుంది

ముందుకూ వెనక్కీ, పైకీ కిందికీ సర్దినవాళ్లు కూడా చాలామంది పలక వాలును వదిలేస్తారు. నా లెక్కలో ఇదే అన్నిటికంటే అన్యాయమైన నిర్లక్ష్యం, ఎందుకంటే కొన్ని పలకల్లో దీన్ని మార్చడానికి బోల్టు వదులు చేసి తిప్పితే చాలు.

పాదానికి హాయిగా ఉండేది అరికాలు పిక్కకు లంబంగా ఉన్నప్పుడు, లేదా దాని కన్నా కొంచెం విప్పారినప్పుడు. కాళ్లు కిందికి తిన్నగా ఉంటే చదునైన పలక సరిపోతుంది. కానీ కాలు ముందుకు చాపినప్పుడు పిక్క ఏటవాలుగా ఉంటుంది. పిక్క నిలువు గీత నుంచి 30 డిగ్రీలు ముందుకు వాలితే, పలక ముందు కొస కూడా ఇంచుమించు అంతే పైకి లేవాలి. అలా లేవకుండా చదునుగా ఉంటే పాదం ముందుకు జారిపోతుంటుంది. అది జారకుండా ఉండటానికి తొడా పిక్కా లోలోపల బిగిసి ఉంటాయి. మనకు తెలియకుండానే గంటల తరబడి సాగే ఆ బిగింపే దిగాక కాళ్లలో లాగుడుగా బయటపడుతుంది.

ఎంత కోణం మంచిదన్నదానికి ఒక పాత లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. 1969లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన రెబిఫే పరిశోధన కారు డ్రైవరు సుఖం కోసం కీళ్ల కోణాలను సూచించింది: తొడకూ మొండానికీ మధ్య 95 నుంచి 120 డిగ్రీలు, మోకాలి దగ్గర 95 నుంచి 135, చీలమండ దగ్గర 90 నుంచి 110. బండి కారు కాదు, వెనుక ఆనుడు ఉండదు. అయినా పక్క నుంచి తీసిన ఫొటోలో మీ కోణాలు ఈ హద్దులకు బాగా బయట ఉంటే నొప్పికి కారణం సగం దొరికినట్టే.

కడ్డీ కన్నా పలక ఎందుకు నయం?

అరికాలు మొత్తాన్ని ఆనించే ఆలోచనను లక్షల మందికి అలవాటు చేసింది స్కూటరు. 1946లో ఇటలీలో పియాజియో సంస్థ కోసం వెస్పాను రూపొందించిన కొరాడినో డాస్కానియో విమానాల, హెలికాప్టర్ల ఇంజనీరు. మోటారు సైకిళ్లంటే ఆయనకు పెద్దగా గిట్టదు. కాళ్ల మధ్య ఇంజను లేకుండా, కుర్చీలో కూర్చున్నట్టు పాదాలు చదునుగా పెట్టుకునే బండి చేశాడు. మన దగ్గర 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌దీ ఆ కుదురే. పిల్లవాడు నిలబడేదీ, గ్యాస్ బండ పెట్టేదీ, కూరగాయల సంచి ఆనేదీ ఆ ఫుట్‌బోర్డు మీదే కనుక దాని అసలు గుణాన్ని మనం పెద్దగా గమనించలేదు. ఆ గుణం ఏమిటంటే, పాదం కదలొచ్చు.

కడ్డీ మీద పాదానికి ఒకటే చోటు. పలక మీద మడమను వెనక్కి లాగొచ్చు, ముందుకు తొయ్యొచ్చు, ఒక పాదాన్ని అడ్డంగా పెట్టొచ్చు. పాదం రెండు అంగుళాలు జరిగితే మోకాలూ తుంటీ కూడా కొంచెం కదిలి, అప్పటిదాకా సాగి ఉన్న కండరం వదులవుతుంది. పిక్క కండరాలు బిగిసి వదిలినప్పుడల్లా కాలి సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తాయి. కదలిక లేకపోతే ఆ తోపుడు ఆగి పాదాలు ఉబ్బుతాయి. అందుకే ఫుట్‌బోర్డును సర్దేటప్పుడు ఒక్క “సరైన చోటు” కోసం వెతకడం పొరపాటు అంటాను. పాదం కనీసం రెండు మూడు చోట్ల హాయిగా ఆనగలిగేలా జాగా మిగిల్చినప్పుడే అమరిక కుదిరినట్టు.

కంపనం మాట కూడా చెప్పుకోవాలి. ఒంటి సిలిండరు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50 సార్లు బండిని కుదుపుతుంది. సన్నటి కడ్డీ ఆ కుదుపునంతా అరికాలి మధ్యలో ఒక గీత మీద దింపుతుంది. రబ్బరు పరిచిన పలక దాన్ని పీల్చి, మిగిలినదాన్ని మడమ నుంచి వేళ్ల దాకా పంచుతుంది. రబ్బరు అరిగి లోహం బయటపడ్డాక పాదాలు జిమ్మంటున్నాయంటే మార్చాల్సింది ఆ రబ్బరునే. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు దీన్ని కంటితో చూసి తెలుసుకోవాలి, కాలు చెప్పదు.

స్పీడ్ బ్రేకర్ దగ్గర తిరగబడే లెక్క

కాళ్లు బారజాపి కూర్చోవడం ఫొటోల్లో చాలా దర్జాగా ఉంటుంది. తిన్నటి, నున్నటి హైవేలు ఉన్న అమెరికాలో ఆ కూర్చోవడానికి అర్థముంది. గుంటలూ, చెప్పాపెట్టకుండా వచ్చే స్పీడ్ బ్రేకర్లూ ఉన్న మన రోడ్ల మీద మాత్రం దానికి ఒక పెద్ద లోటు ఉంది.

కుర్చీలోంచి పాదాలు ముందుకు చాపే ఉంచి, వెనక్కి లాక్కోకుండా లేవడానికి ప్రయత్నించి చూడండి. సాధ్యం కాదు. ఒంటి బరువు కేంద్రం పాదాల పైకి వచ్చినప్పుడే మనం లేవగలం. బండి మీదా అంతే. పాదాలు తుంటికి దగ్గరగా కింద ఉంటే, గుంట కనబడగానే సీటు మీంచి కాస్త లేస్తాం. మోకాళ్లు వంగి ఆ దెబ్బను మింగుతాయి. పాదాలు ముందుంటే ఆ వీలు లేదు, దెబ్బ సీటు నుంచి నేరుగా వెన్నులోకి ఎక్కుతుంది. కూర్చున్న మనిషి ఒళ్లు సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్య వచ్చే నిలువు ఊపులకు ఎక్కువగా స్పందిస్తుంది. ఎగుడుదిగుడు రోడ్డు ఇచ్చే ఊపుల్లో చాలా భాగం ఆ చుట్టుపక్కలవే.

గాలిదీ ఒక వాటా. వేగం 60 నుంచి 90కి పెరిగితే ఛాతీ మీద గాలి తోపుడు రెండు రెట్ల పైన, రెండుంపావు వంతులు అవుతుంది. పాదాలు కింద ఉన్నవాడు కాస్త ముందుకు వంగి దాన్ని కాచుకుంటాడు. ముందుకు చాపినవాడు హ్యాండిల్ పట్టుకుని వేలాడాలి. భుజాల నొప్పికి హ్యాండిల్‌ను నిందించే ముందు పాదాలు ఎక్కడున్నాయో చూడమనేది అందుకే.

కనుక మన వాడకానికి నా సలహా ఇది: ఫుట్‌బోర్డు కాలు చాచడానికి సరిపోయేంత ముందుకుండాలి, మడమ వెనక్కి లాక్కుంటే సీటు మీంచి లేవగలిగేంత వెనక్కీ ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే రెండోదాన్నే కాపాడుకోవాలి.

బాక్సు: సర్దేటప్పుడు

బండిని మధ్య స్టాండు మీదో, ఎవరైనా నిటారుగా పట్టుకోగానో ఉంచి, మామూలుగా బండి నడిపేటప్పుడు వేసుకునే బూట్లతో కూర్చోండి. బూటు మడమ ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. పక్క నుంచి ఫొటో తీయించుకోండి. బ్రాకెట్టు ఇప్పుడున్న చోట మార్కరుతో గీత గీయండి, నచ్చకపోతే వెనక్కి రావడానికి. ఒకసారికి ఒకటే మార్చండి, అదీ ఒక సెంటీమీటరుకు మించకుండా. వాలూ ఎత్తూ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ప్రతి మార్పు తర్వాత కనీసం గంట నడిపి చూడండి, మొదటి పది నిమిషాల్లో ఏ కొత్త భంగిమైనా హాయిగానే ఉంటుంది. బోల్టులను కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. నూరు కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడాలి.

పలక జరిగితే బ్రేకు కూడా జరగాలి

ఇక్కడ కాస్త గట్టిగానే చెప్పాలి. ఫుట్‌బోర్డును జరిపి బ్రేకు పెడల్‌ను అక్కడే వదిలేయడం ప్రమాదం. మడమ పలక మీద ఆనే ఉండగా, పాదం ముందు భాగం మాత్రమే కదిలి పెడల్‌ను అందుకోగలగాలి. పలక దిగి పెడల్ పైనే ఉండిపోతే కాలు మొత్తం ఎత్తి వేయాల్సి వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కాలు ఎత్తడానికి పట్టే అర సెకనులో ఎనిమిది మీటర్లు అయిపోతాయి. పెడల్ ఎత్తు మార్చాక వెనుక బ్రేకు లైటు సరిగ్గా వెలుగుతోందో లేదో కూడా చూడాలి. దాని స్విచ్చిని చాలా బళ్లలో విడిగా సర్దుకోవాలి.

ఎడమ వైపు గేరు లివరుదీ ఇదే సంగతి. ముందు వేళ్లతో, వెనుక మడమతో తొక్కే లివరు అయితే రెండు కొసలకూ పలకకూ మధ్య బూటు దూరే సందు ఉండాలి. లివరు కూర్చునే షాఫ్టు మీద చిన్న చిన్న పళ్లు ఉంటాయి. బోల్టు వదులు చేసి ఒక పన్ను అటో ఇటో మార్చి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

ఇక మలుపులు. బండి ఒరిగినప్పుడు ముందు నేలను తాకేది పలక బయటి అంచే. అది టైరు మధ్య గీత నుంచి 35 సెంటీమీటర్లు పక్కకూ, నేల నుంచి 20 సెంటీమీటర్లు పైకీ ఉందనుకుంటే బండి దాదాపు 30 డిగ్రీలు ఒరగగలదు. సుఖం కోసం పలకను రెండున్నర సెంటీమీటర్లు దించితే ఆ హద్దు 27కు దిగువకు పడుతుంది. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. 30 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఘాట్ రోడ్డు మలుపులో మాత్రం, పలక గీసుకోకుండా తిరగగల వేగం సుమారు 47 నుంచి 44 కిలోమీటర్లకు తగ్గుతుందన్నమాట. శ్రీశైలం ఘాట్‌లో రోజూ తిరిగే అలవాటు మీద ఆ మలుపులోకి వెళ్లినవాడికి ఆ తేడా తగిలేది మలుపు మధ్యలోనే. హార్లే వంటి బళ్లలో నేలను తాకగానే పైకి మడుచుకునేలా పలకకు మడతబందు ఉండటం ఇందుకే. వర్క్‌షాపులో చేయించిన బ్రాకెట్టుతో ఆ మడత బిగుసుకుపోతే, మడవని పలక నేలను తన్ని వెనుక చక్రాన్ని ఎత్తేస్తుంది. అలాంటి పలకను సుఖం కోసమైనా పెట్టించుకోకూడదు.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. కంపెనీ ఇచ్చిన అమరికలోనే సర్దుకోవడానికీ, చాసిస్‌కు కొత్తగా వెల్డింగ్ చేయించడానికీ చాలా తేడా ఉంది. రెండోదానికి ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి.

వెనుక కూర్చున్నవాళ్ల పాదాలు

ఇంత కొలతా నడిపేవాడి కోసమే జరుగుతుంది. వెనుక కూర్చున్నవాళ్ల ఫుట్‌రెస్టు చాలా బళ్లలో సైలెన్సరును తప్పించడానికి ఎత్తుగా పెట్టి ఉంటుంది. వాళ్ల మోకాళ్లు మరింత ముడుచుకుని, తొడలు సీటును వదిలి, బరువంతా ఎముకల మీద పడుతుంది. వాళ్లకు పట్టుకోవడానికి హ్యాండిల్ కూడా ఉండదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనుక సీటున్న బండికి చేతిపట్టు, ఫుట్‌రెస్టు, వెనుక చక్రం సగానికి తగ్గకుండా బట్టలు చిక్కుకోని రక్షణ ఉండాలంటుంది. ఫుట్‌రెస్టు ఉండాలంది గానీ, అది ఎవరి కాలికి ఎంత ఎత్తులో ఉండాలన్నది మనమే చూసుకోవాలి.

చీరతో ఒక పక్కకు కూర్చునే అమ్మలకు ఇది ఇంకా కష్టం. తుంటి పక్కకు తిరిగి, మొండం ముందుకు చూడటానికి మెలితిరిగి ఉంటుంది. రెండు పాదాలకూ కలిపి ఎడమ వైపున్న చిన్న పలకే దిక్కు. అది అందకపోతే పాదాలు గాల్లో వేలాడి, ప్రతి బ్రేకుకూ ఒళ్లు ముందుకు జారుతుంది. ఆ పలకను కాలికి అందే ఎత్తుకు మార్పించడం, రెండు పాదాలూ పట్టేంత వెడల్పుది వేయించడం, జారని రబ్బరు అంటించడం మెకానిక్ దగ్గర చిన్న పనులు. బండిని ఈసారి సర్వీసింగుకు ఇచ్చేటప్పుడు వెనుక కూర్చునే మనిషిని కూడా తీసుకెళ్లి, సీటు మీద కూర్చోబెట్టి, పాదం ఎక్కడ ఆనుతోందో చూసి మరీ చెప్పండి.